కాల్చడంలో రెండు రకాలు

2025 డిసెంబరులో అమెరికా రక్షణ బిల్లు చట్టమైంది. అందులో ఓ మూల పందులకూ మేకలకూ శుభవార్త ఉంది. సైన్యంలో గాయాలకు కట్లు కట్టే మెడిక్‌లకు శిక్షణ పేరుతో ఇకమీదట వాటిని తుపాకీతో కాల్చరు. మత్తిచ్చి, కాల్చి, ఆ నెత్తురు ఎలా ఆపాలో నేర్పడం ఇన్నాళ్ళ పాఠం. అది బందు. కాకపోతే కత్తితో పొడవొచ్చు, మొద్దు వస్తువుతో బాదొచ్చు, నిప్పుతో కాల్చొచ్చు. తెలుగులో తుపాకీతో కాల్చినా, నిప్పుతో కాల్చినా ఒకటే మాట. పాపం, మనది పేద భాష. వాషింగ్టన్‌లో ఆ రెంటి మధ్యా ఒక చట్టం దూరేంత సందుంది.

బెజవాడ వాడికి ఇది ఇంట్లో సంగతిలాగే ఉంటుంది. సంక్రాంతికి ముందు పోలీసులు ఊళ్ళమ్మట తిరిగి కోడికత్తులు పట్టుకుంటారు, కత్తులు కట్టేవాళ్ళను బైండోవర్ చేస్తారు. పట్టుబడ్డ కత్తులు బల్లమీద బారుగా పేర్చి ఉన్న ఫొటో మర్నాడు పేపర్లో వస్తుంది. జంతుహింస నివారణ చట్టం 1960 నాటిది. 2016 డిసెంబరులో హైకోర్టు కూడా కోడిపందేలు వద్దని గట్టిగానే చెప్పింది. భోగి నాటికి ఈడుపుగల్లు, అంపాపురం వైపు షామియానాలు లేస్తాయి. పోలీసులకు దొరికింది కత్తి, బరికి దిగింది కోడి. రెండూ వేర్వేరు కేసులు.

బ్రిటన్ ఇంకా పెద్దమనిషి. చెయ్యి తిరగడం కోసం బతికున్న జంతువును కొయ్యకూడదని 1876లోనే చట్టం చేసుకుంది. అందుకని తన సైనిక సర్జన్లను డెన్మార్క్ పంపి, అక్కడ కాల్చిన పందుల మీద ఆపరేషన్లు చేయించింది. పని అయ్యాక పందికి మళ్ళీ మెలకువ రానిచ్చేవారు కాదు. పండక్కి హైదరాబాదు కార్లు బెజవాడ హైవే పట్టడం చూసినవాళ్ళకు ఈ డెన్మార్క్ ప్రయాణం విడమరిచి చెప్పక్కర్లేదు.

మన దగ్గర కప్ప మాత్రం గట్టెక్కింది. ఒకప్పుడు మెడిసిన్ మొదటేడు కుర్రాడు కప్ప తల వెనక సూది గుచ్చి, పిక్క కండ తీసి, కరెంటు తగిలించి, అది ఎగిరినప్పుడల్లా మసి పట్టించిన కాగితం మీద గీత గీయించేవాడు. అప్పటి వైద్య మండలి 2014లో నిబంధన మార్చి ఆ గీతల పని కంప్యూటర్‌కి అప్పగించింది. ఆ తరువాత డాక్టర్లు తగ్గారని ఎవరూ అనలేదు. ఫీజులూ తగ్గలేదు.

పంది లేకపోతే సైనికుడి ప్రాణం ఎలా నిలుస్తుందని అడిగే పెద్దలున్నారు. 2012లో అచ్చయిన ఒక సర్వేలో నాటో దేశాలు 28కి 22, ఈ శిక్షణకు మేం జంతువుల్ని వాడటమే లేదన్నాయి. మనిషి ఒంటికి తొడుక్కుంటే, కోసినచోటల్లా ఉత్తుత్తి నెత్తురు చిమ్మే తొడుగు అమెరికాలోనే తయారవుతోంది. మత్తులో ఉన్న పంది నోరెత్తదు. తొడుగులోని మనిషి "అమ్మా" అని అరుస్తాడు, మెడిక్ చెయ్యి పట్టుకుని వదలడు. యుద్ధంలో ఎదురయ్యేది ఆ పట్టే.

నేను చూసిన మెడిక్ మాత్రం కంకిపాడు అవతల, బరి పక్కన గడ్డిమీద కూర్చున్నాడు. భుజాన తువ్వాలు. ఒళ్ళో గెలిచిన డేగ పుంజు, రెక్క కింద జానెడు చీలిక. నోటినిండా నీళ్ళు పుక్కిలి పట్టి కోడి ముఖాన చిమ్మాడు. ఈకలు పాయ తీసి, సూదీ దారంతో గబగబా కుట్టేసి, పసుపు అద్దాడు. రెండు నిమిషాలు పట్టిందేమో. చెయ్యి వణకలేదు.

"మత్తు ఇవ్వవా, బాబాయ్?"

"గెలిచిన ఊపులో ఉందయ్యా. దానికి తెలియదు."

"ఓడినదానికో?"

"దానికి కుట్లెందుకు? మసాలా చాలు."

"మరి ఈ పని ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

దారం పంటితో తెంపాడు. "ఎవరి దగ్గరేంటి? ఆ ఓడినవాటి మీదే."