ఇంటి పర్మిషనుకు టీకా తాత్పర్యం

అవతారిక. కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదక్ జిల్లా కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఆయన ముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఆ కొల్చారానికి దక్షిణాన, సికిందరాబాద్ కంటోన్మెంటులో, ఇల్లు కట్టే ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు చదవక తప్పని మూలం ఒకటి ఉంది. దానిమీద మల్లినాథుడి చూపు పడే అవకాశం లేకపోయింది. పడి ఉంటే ఒట్టు గట్టున పెట్టేవాడని ప్రస్తుత వ్యాఖ్యాత అభిప్రాయం. ఎందుకో ముందు ముందు తేలుతుంది.

ఆ మూలం 2006 నాటి కంటోన్మెంట్ల చట్టం. 1924 నాటి పాత చట్టం నుంచి చాలా మాటలు మక్కికి మక్కి దిగాయి. ఇళ్ల అనుమతికి సంబంధించిన 235, 238 సెక్షన్ల సారాన్ని గుదిగుచ్చి, మర్యాద కోసం గ్రాంథికంలో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

“కంటోన్మెంటు నేలపై ఇల్లు కట్టదలచినవాడు బోర్డునకు వ్రాతమూలకముగా నోటీసు నియ్యవలెను. బోర్డు నెల దినములు పలుకనిచో, రిజిస్టరు తపాలున జ్ఞాపకము చేయవలెను. పిమ్మట పదునైదు దినములును పలుకనిచో, అనుమతి యిచ్చినట్లే యెంచబడును.”

ఇక ప్రతిపదార్థం.

“కంటోన్మెంటు నేలపై”: అమరకోశంలో భూమికి ఇరవైకి పైగా పేర్లున్నాయి. కంటోన్మెంటు భూముల రిజిస్టరుకు అవి చాలలేదు. అక్కడ నేల ఏ-1, ఏ-2, బీ-1 మొదలు బీ-4 దాకా, ఆ తర్వాత సీ. సైన్యం వాడుకునేది ఏ-1. రోడ్లు, కాలవలు వంటి బోర్డు ఆధీనంలోవి సీ. అసలు రసవత్తరమైనది బీ-3. పాత బంగళాలు చాలావరకు ఇందులోవే. ఇల్లు కాపురమున్నవాడిది, కింద నేల సర్కారుది. తాతలనాటి ఇల్లు అని చెప్పుకునే కుటుంబానికి ఆ ఇంటి కింద మట్టి మీద హక్కు లేదన్న సంగతి పైకప్పు మార్చడానికి అర్జీ పెట్టినప్పుడు గాని తెలియదు.

“కట్టదలచినవాడు”: పైకి చూస్తే కొత్త ఇల్లు కట్టేవాడని అర్థం. చట్టం చెప్పే వ్యుత్పత్తి వేరు. ఒక కాపురం ఉండే ఇంటిని రెండు కాపురాలకు విడగొట్టినా కట్టినట్టే. వీధి గదిని దుకాణం చేసినా, గోదాము చేసినా కట్టినట్టే. ఇంటిని గొడ్ల కొట్టంగా మార్చినా కట్టినట్టే, ఒక్క ఇటుక పెట్టకపోయినా సరే. గుర్రపుశాల కూడా ఈ జాబితాలో ఉంది. 1924లో దండులో గుర్రాలుండేవి కాబట్టి ఆ మాట అప్పట్లో పొసగింది. 2006లో దాన్ని మళ్లీ అచ్చు వేసినవారి హృదయం మాత్రం వ్యాఖ్యాతకు అందలేదు.

“బోర్డునకు”: ఈ పదం దగ్గర కాస్త ఆగాలి. చట్టం ప్రకారం స్టేషన్ కమాండర్ అధ్యక్షుడు. ముఖ్య కార్యనిర్వహణాధికారి (సీఈవో) కార్యదర్శి. సికిందరాబాద్‌లో 8 వార్డుల నుంచి 8 మంది ఎన్నికై వస్తారు, మిగతా సగం అధికారులు, నియమితులు. ఇది నిఘంటువు చెప్పే అర్థం. వాడుకలో అర్థం మారింది. 2015 జనవరిలో ఎన్నికైనవారి గడువు, పొడిగింపులతో కలిపి, 2021 ఫిబ్రవరిలో తీరింది. ఆ తర్వాత బోర్డంటే ముగ్గురు: అధ్యక్షుడు, సీఈవో, కేంద్రం నియమించిన ఒక పౌర ప్రతినిధి. 2023 ఏప్రిల్ 30న ఎన్నికలని ఆ ఏడాది ఫిబ్రవరిలో ప్రకటన వెలువడింది. మార్చిలో రద్దయింది. 2011 జనాభా లెక్కల్లో 2,17,910 మంది ఉన్న ఊరికి ఒక్క నోరు. బహువచనాన్ని ఏకవచనంగా వాడే చమత్కారాన్ని ఆలంకారికులు ఏమంటారో తెలీదు గానీ, పికెట్‌లోనో బోయినపల్లిలోనో కాలవ పొంగినప్పుడు పాత వార్డు మెంబరు గుమ్మం తొక్కిన జనం, “ఇప్పుడు నా చేతిల ఏముందమ్మా” అన్న జవాబుతో తిరిగిరావడమే దానికి ఉదాహరణ.

“పలుకనిచో”: మౌనం అర్ధాంగీకారం అని సామెత. ఇక్కడ అది పూర్ణాంగీకారం. అధికారి కునుకు తీస్తే అర్జీదారు నష్టపోకూడదన్నది దీని ఉద్దేశం, ఆ ఉద్దేశంలో తప్పులేదు. “రిజిస్టరు తపాలు” అన్న మాటకు మాత్రం ఇప్పుడు టీకా అవసరమైంది. రిజిస్టర్డ్ పోస్టును తపాలా శాఖ 2025లో స్పీడ్‌పోస్టులో కలిపేసింది. కంటోన్మెంటు సేవలకు 2021 నుంచే ఈ-ఛావనీ అనే పోర్టల్ ఉంది.

అన్వయం. పదాలను వరసలో పెడితే కథ ఇలా నడుస్తుంది. కట్టేవాడు ప్లాను పెడతాడు. ఆ నేల డిఫెన్స్ ఎస్టేట్స్ ఆఫీసరు నిర్వహణలోదైతే, బోర్డు ఆ అర్జీని ముందు ఆయనకు పంపాలి. ప్రభుత్వానికి ఏమైనా అభ్యంతరం ఉందా అని అడగాలి. ఆయన 30 రోజుల్లో నివేదికతో తిప్పి పంపాలి. చుట్టుపక్కల సైనిక స్థావరం ఉంటే ఇంకో మెట్టు ఎక్కాలి. ముంబై ఆదర్శ్ సొసైటీ గొడవ తర్వాత 2011 మే నెలలో రక్షణ శాఖ ఒక ఉత్తర్వు తెచ్చింది. స్థావరానికి 100 మీటర్ల లోపు కట్టే ఇంటిమీద, నాలుగంతస్తులు దాటితే 500 మీటర్ల లోపు కట్టే భవనం మీద, సైన్యం అభ్యంతరం చెప్పవచ్చని అందులో ఉండేది. 2016లో ఈ దూరాలను చాలాచోట్ల బాగా తగ్గించారు. సికిందరాబాద్ వంటి ఊళ్లో ఈ ఉత్తర్వు వల్ల ఎన్ని ప్లాన్లు ఫైళ్లలో ఊపిరాడక ఉండిపోయాయో ఊహించడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు.

ఇక్కడ తెలివైన విద్యార్థి ఒక ప్రశ్న వేస్తాడు. అయ్యా, నేల యజమాని అభ్యంతరం అడిగారు. పక్కనున్న సైన్యం అభ్యంతరం అడిగారు. మరి పక్కింటివాణ్ని ఎక్కడ అడిగారు?

ఎక్కడా అడగలేదు. మల్లినాథుడి ఒట్టుకు వచ్చిన చిక్కు ఇదే. పొరుగువాడు మూలంలో లేడు. కర్త ఉన్నాడు, కర్మ ఉంది, సంప్రదానంగా బోర్డు ఉంది. ఆ గోడ నీడ పడేవాడు మాత్రం ఏ విభక్తిలోనూ రాలేదు. శ్లోకంలో లోపించిన పదాన్ని పైనుంచి తెచ్చి కలుపుకోవడాన్ని అధ్యాహారం అంటారు. పొరుగువాణ్ని అలాగే తెచ్చుకోవాలి. న్యాయంగా చెప్పాలంటే ప్లాను కాగితంలో అతనికి కాస్త చోటుంది. చెక్కుబందీలో, తూర్పు ఖాళీ రోడ్డు, ఉత్తరం ఫలానావారి ఇల్లు అని. అంటే అతడు అక్కడ హద్దుగా ఉన్నాడు, మనిషిగా కాదు.

ఆ హద్దు వెనక ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూస్తే: కంటోన్మెంటులోని కార్ఖానా ప్రాంతపు లోపలి సందుల్లో ఏదో ఒక పెంకుటిల్లు కూలింది. మూడు వందల గజాలు. ఒక కాపురం ఉన్నచోట ఎనిమిది ఫ్లాట్లు లేస్తున్నాయి. పక్కింటి వంటగది కిటికీకి ఎదురుగా చేతికందే దూరంలో సిమెంటు గోడ వచ్చింది. ఎగ్జాస్ట్ ఫ్యాను వేస్తే పోపు వాసన ఆ గోడకు తగిలి తిరిగి ఇంట్లోకే వస్తుంది. మిట్టమధ్యాహ్నం ట్యూబులైటు వేసుకుని బియ్యం ఏరుకోవాలి. వీధిలో డ్రైనేజీ పైపు పాత కాపురాల లెక్కన వేసిందే, బోరు ఇంకా లోతుకు దిగింది. ఒకరోజు పక్కింటి పెద్దాయన తల పైకెత్తి, “ప్లాన్ల రెండే అంతస్తులు చూపిచ్చిన్రు గద తమ్మీ, పైన గది ఏంది?” అని అడుగుతాడు. సైటు చూసే కుర్రాడు వినయంగానే చెబుతాడు: “అది అంతస్తు కాదు అంకుల్, పెంట్‌హౌసు.”

పెంట్‌హౌసు అన్న పదానికి ఈ ప్రాంతపు అర్థం: లెక్కకు రాని అంతస్తు.

ఇంగ్లండులో స్థిరపడిన తెలుగువాళ్లకు ఈ ఘట్టం వింతగా తోస్తుంది. అక్కడ ఇంటి వెనక గది పొడిగించడానికి ప్లానింగ్ అర్జీ పెడితే, కౌన్సిలు పక్కిళ్లకు ఉత్తరం రాస్తుంది, లేదా వీధిలో నోటీసు అంటిస్తుంది. అభ్యంతరం చెప్పడానికి 21 రోజులు. వెలుగు పోతుందన్నా, మా పెరట్లోకి కనబడుతుందన్నా లెక్కలోకి తీసుకుంటారు. మా ఇంటి ధర పడిపోతుందంటే తీసుకోరు. గట్టిగా గొడవైన అర్జీ కౌన్సిలర్ల కమిటీ ముందుకు వెళితే, చాలాచోట్ల అభ్యంతరం ఉన్నవారికి రెండు మూడు నిమిషాలు మాట్లాడే వీలుంటుంది. ఆ పద్ధతిలో ఇళ్లు కట్టడం ఆలస్యమవుతోందని అక్కడ పెద్ద ఫిర్యాదే ఉంది. అయినా వాక్యంలో పొరుగువాడికి ఒక విభక్తి దొరికింది.

పాఠాంతరం. కంటోన్మెంటు హద్దు దాటి రెండడుగులు వేస్తే మూలం మారిపోతుంది. అవతల నడిచేది 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం, 2012 ఏప్రిల్ 7 నాటి 168వ నంబరు జీవో, 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం. 75 గజాల లోపు స్థలానికి పర్మిషనే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల దాకా, పది మీటర్ల ఎత్తు మించకపోతే, యజమాని తానే నిజం చెబుతున్నానని రాసిస్తే అప్పటికప్పుడు అనుమతి. అంతకు మించితే 21 రోజులు. ఈ లోపు అధికారులు పలకకపోతే, మౌనం మళ్లీ పూర్ణాంగీకారం. కార్పొరేటర్లు కొలువుదీరిన కౌన్సిలు ఈ ప్లాన్లను ముట్టదు. అదంతా కమిషనరు, టౌన్ ప్లానింగ్ వారి పని. లంచాలు తగ్గించడానికీ, వేగానికీ తెచ్చిన పద్ధతి ఇది, మధ్యతరగతి వాళ్లకు మేలూ చేసింది. పొరుగువాడి విషయంలో మాత్రం రెండు పాఠాలూ ఏకీభవిస్తాయి. రెంటిలోనూ అతను లేడు.

విశేషం. “సెల్లార్” అన్న పదం ప్లానులో ఒకటి, వాడుకలో ఒకటి. ప్లానులో దాని అర్థం బండ్లు నిలిపే చోటు. వాడుకలో గోదాము, దుకాణం, వర్కుషాపు. శ్లేష అని నవ్వుకోవచ్చు గానీ, సికిందరాబాద్‌లో ఆ నవ్వు నిలవదు. 2022 సెప్టెంబరు 12 రాత్రి రూబీ లాడ్జి భవనంలో, కింద విద్యుత్ స్కూటర్ల షోరూములో మంటలు లేచి, పొగ పైకి పోయి 8 మంది చనిపోయారు. 2023 జనవరి 19న నల్లగుట్టలో డెక్కన్ భవనం తగలబడింది. రెండు నెలలు తిరగకుండానే, మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్సులో 6 మంది చిన్నవయసు ఉద్యోగులు పోయారు. వ్యాఖ్యాతకు ఇక్కడ చమత్కారం లేదు. ఒక భవనం ఏ పనికని అనుమతి పొందిందో, ఏ పనికి వాడుతున్నారో అందరికన్నా ముందు తెలిసేది ఎదురింటివాడికి, పక్క కొట్టువాడికి. వాళ్లను అడిగే సెక్షనే లేదు.

తాత్పర్యం. పొరుగువాడు ఊరుకోడు, ఊరుకోనక్కర్లేదు కూడా. ప్రజావాణి ఉంది, హైకోర్టు ఉంది. అన్నిటికన్నా ముందు పక్కింటి ప్లాను ఏమిటో తెలుసుకోవాలి గనక పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెడతాడు. 2005 నాటి ఆ చట్టం అధికారికి 30 రోజులు ఇచ్చింది. ఆ 30 రోజుల్లో అధికారి పలకకపోతే ఏమవుతుంది? 7వ సెక్షను రెండో ఉపసెక్షను చూడండి: సమాచారం నిరాకరించినట్టే భావించాలి. అప్పీలుకు దారి చూపడానికి పెట్టిన మాటే అది. కానీ రెండు మూలాలనూ ఒకే బల్ల మీద పక్కపక్కన పెడితే, ఒకే ఆఫీసులో, ఒకే నెలలో, ఒకే మౌనం కట్టేవాడికి సరే అయి, చూసేవాడికి కాదు అవుతోంది. నిఘంటుకర్తలు మౌనానికి ఇంత దూరమైన రెండు అర్థాలు రాయలేదు.

ఫలశ్రుతి. ఏ గ్రంథానికైనా చివర ఫలశ్రుతి ఉంటుంది కదా. కార్పొరేషను వైపు దాని పేరు బీఆర్‌ఎస్, అనగా భవనాల క్రమబద్ధీకరణ పథకం. 2007 డిసెంబరు 31 నాటి 901వ జీవో ఒకసారి, 2015 నవంబరు 2 నాటి 152వ జీవో ఇంకోసారి, ప్లాను తప్పినవారు డబ్బు కట్టి శుద్ధి పొందవచ్చన్నాయి. రెండోసారి విషయం హైకోర్టుకెక్కి దరఖాస్తులు చిక్కుబడ్డాయి. గోడకూ హద్దుకూ మధ్య సెట్‌బ్యాక్ వదిలి బుద్ధిగా కట్టినవాడికి ఈ ఫలశ్రుతిలో ఏ ఫలమూ చెప్పలేదు.

ఉత్తరపీఠిక ఒకటి 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు రాసింది. ఉత్తరప్రదేశ్‌లోని ఒక కేసులో తీర్పు చెబుతూ, ఆమోదించిన ప్లానును కట్టుబడి సాగినన్నాళ్లూ సైటు దగ్గర అందరికీ కనబడేలా పెట్టాలంది. అధికారులు మధ్యమధ్య తనిఖీ చేసి రాసి పెట్టుకోవాలంది. నివాసయోగ్యతా పత్రం (ఓసీ) చూపించాకే కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్లు ఇవ్వాలంది. అది అమలైతే కార్ఖానా సందులోని పెద్దాయన 30 రోజులు ఎదురుచూడక్కర్లేదు. చెప్పులేసుకుని గేటు దాకా పోయి, కళ్లజోడు సవరించుకుని అంతస్తులు లెక్కపెట్టుకోవచ్చు. సెట్‌బ్యాకు కూడా టేపుతో కొలుచుకోవచ్చు, రెండు గోడల మధ్య ఆయన పట్టేంత సందు మిగిలి ఉంటే.