పట్టుకూ పట్టుకూ ఒకే ఉండ

మైనపు పురుగు పట్టిన తేనెపెట్టె చట్రాలను శుద్ధిచేసి తిరిగి వాడుకొనే పద్ధతుల్లో శ్రమ లేనిది, ఖర్చు లేనిది, ఆలోచన అసలే అక్కర్లేనిది ఒకటుంది: చట్రాల మధ్య నాలుగు కలరా ఉండలు పడేసి మూతపెట్టడం. ఈ విద్య ప్రపంచంలో ఎన్నోచోట్ల ఉన్నదే అయినా, తెనాలి, రేపల్లె ప్రాంతాల్లో దానికి సంప్రదాయబలం కూడా తోడు. ఇక్కడి ట్రంకుపెట్టెల్లో పట్టుచీరల మడతల మధ్య తరతరాలుగా కాపలా కాస్తున్నది ఆ ఉండే గనుక, పట్టుచీరను కాచినది తేనెపట్టును కాయలేదా అన్న తర్కానికి ఎదురు లేదు. పేరులో కలరాను మోస్తూ ఒక్క కలరా రోగినైనా బతికించని నాఫ్తలీన్ ముద్దకు శ్లేష వల్ల దక్కిన పదోన్నతి ఇది.

ఆ శ్లేషకు మూడో అర్థం కూడా ఉందని భక్తులు గమనించినట్లు లేదు. మైనపు పురుగు ఒక చిమ్మటకు పిల్లదశ. రెక్కలొచ్చిన చిమ్మట ఏమీ తినదు, తిండంతా పురుగుగా ఉన్నప్పుడే. అది తుట్టె నడిమి పొరలో సొరంగాలు తవ్వుతూ, వెంట దారం అల్లుతూ, చివరకు చట్రపు చెక్కను సైతం తొలిచి గూడు కట్టుకుంటుంది. అంటే తేనెపట్టులో పట్టు నేస్తుంది. పేరుకు మైనపు పురుగే గానీ కొత్త తెల్లమైనం మీద దానికి పెద్ద మోజు లేదు. ఈగపిల్లలు విడిచిన పొరలు, పుప్పొడి పేరుకుని నల్లబడిన పాత తుట్టెలే దానికి విందు. ఆ నల్లతుట్టెలను ఏళ్లతరబడి దాచి, బలహీనపడిన ఈగలకు కాయలేనన్ని చట్రాలు అంటగట్టి, ఆపైన పురుగును తిట్టడమంటే విస్తరి వేసి పిలిచి అతిథిని దొంగ అనడమే. బలమైన ఈగలగుంపు ఏ ఉండా లేకుండానే ఆ పురుగులను ఈడ్చి బయట పారేస్తుంది.

ఇక తర్కానికి అసలు చిల్లు ఏమిటంటే, చీరను కట్టుకుంటారు, తేనెను నాలుక మీద వేసుకుంటారు. నాఫ్తలీన్‌ను మైనం ఇట్టే పీల్చుకుంటుంది, మైనం నుంచి అది తేనెలోకి దిగుతుంది. గ్రీసు దేశపు తేనెల్లో ఆ అవశేషాలు పరీక్షల్లో బయటపడ్డాయి కూడా. గుడ్డుతో సహా పురుగును చంపడానికి చలి చాలు: సున్నాకు దిగువన 15 డిగ్రీల వద్ద 2 గంటలు, 7 డిగ్రీల వద్ద నాలుగున్నర గంటలు. ఐస్‌క్రీం కొట్టులోని పెట్టె చేయగల పని అది. తరువాత తడి ఆరనిచ్చి, చిమ్మట దూరకుండా గాలిచొరని సంచిలో కట్టాలి. పూర్తిగా పాడైన తుట్టెను గీకి మైనం కరిగించుకోవచ్చు, చెక్కను మరిగే చాకలి సోడా నీళ్లలో ముంచి ఎండబెట్టవచ్చు. (తుట్టెతో సహా రోహిణి కార్తె ఎండలో పెట్టేవారికి శుద్ధి ముందే సిద్ధిస్తుంది, మైనం మెత్తబడి జారిపోతుంది గనుక.)

1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉన్న బాపట్లకు తెనాలి నుంచి రైలెక్కాలి; కలరా ఉండకు వీధి చివరి కొట్టుదాకా నడిస్తే చాలు. ఘాటు వదలని చట్రం తిరిగి పెట్టెలోకి వెళుతుంది. నచ్చని గూటిని వదిలేయడం అలవాటైన దేశవాళీ ఈగ లేచిపోతుంది. నింద పక్కచేలో కొట్టిన మందు మీదికో, కాలం మీదికో పోతుంది. ఖాళీ అయిన పెట్టెలోకి చిమ్మట తీరిగ్గా వస్తుంది, కొట్టు నుంచి మరో పొట్లం వస్తుంది.