దయచేసి పులుసు పెట్టకండి

మా విశాఖ, భీమిలి తీరంలో చేపలకి హోదాలున్నాయి. కొత్త అల్లుడొస్తే చందువా, వియ్యాలవారొస్తే వంజరం, ఆఫీసు నుంచి మేనేజరుగారొస్తే రొయ్యలు. కవళ్ళు మాత్రం ఎవరూ రాని రోజుకి. పొయ్యిమీద కవళ్ళ పులుసు ఉడుకుతుండగా గేటు చప్పుడైతే మా అమ్మ ముందు గిన్నెమీద మూత పెట్టేది, తర్వాత తలుపు తీసేది. మూతకి ఆగే వాసనా అది! వచ్చినవాళ్ళు గుమ్మంలోనే సంగతి గ్రహించి "ఇప్పుడే తినొచ్చామమ్మా" అనేవారు. ఆ పూట వాళ్ళింట్లోనూ కవళ్ళే అయ్యుండొచ్చు. ఆ మాట ఎవరూ ఒప్పుకోరు.

ఈ కవళ్ళకి పోర్చుగల్‌లో దగ్గరి చుట్టం ఒకటుంది. పేరు సార్డిన్. మనవి వెచ్చటి సముద్రంలో తిరిగేవి, అది అట్లాంటిక్ చన్నీళ్ళలో పెరిగేది. అదే వెండి పొట్ట, అదే కొవ్వు, అవే లెక్కలేనన్ని ముళ్ళు. తేడా అల్లా మర్యాదలో. అక్కడ దాన్ని ఆలివ్ నూనెలో ముంచి, రేకు డబ్బాలో పడుకోబెట్టి, పైన రంగుల కాగితం చుట్టి, అద్దాల అలమరాలో నిలబెడతారు. డబ్బాకి నాలుగు చేపలుంటే గొప్ప. మంచి కంపెనీదైతే మన డబ్బుల్లో చేపకి వంద రూపాయల పైమాటే. పోర్టోలో ఉంటున్న మా అమ్మాయి మేం వెళ్ళిన సాయంత్రమే ఈ డబ్బాలు బల్లమీద పెట్టి, పక్కన కాల్చిన రొట్టె ముక్కలు సర్దింది. మా ఆవిడ డబ్బాలోకి తొంగిచూసి, "ఏడు సముద్రాలు దాటించి తీసుకొచ్చి మీ నాన్నకి కవళ్ళు పెడతావుటే?" అంది.

నేనేం మాట్లాడలేదు. అప్పటికే నోట్లో చేప ఉంది.

మంచి డబ్బా తెరిస్తే చేపలు ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా పడుకుని ఉంటాయి. చర్మం ఎక్కడా చిట్లదు, మెరుపు పోదు. ఫోర్కు ఆనిస్తే మాంసం పొరలుగా విడుతుందే గాని పిండై పోదు. నోట్లో ముందు ఉప్పు పలకరిస్తుంది, వెనకాలే చేప వస్తుంది, ఆఖర్న ఆలివ్ నూనె గొంతులో చిన్నగా చురుక్కుమనిపించి తన వాటా తాను తీసుకుంటుంది. ఆపైన ముళ్ళు. ఇక్కడే నాకు కళ్ళమ్మట నీళ్ళు తిరిగినంత పనైంది. వెన్నుముల్లుతో సహా నమిలేయొచ్చు! కవళ్ళు తినేటప్పుడు మాట్లాడకూడదన్నది చిన్నప్పుడు మా ఇంట్లో రాజ్యాంగం. ముల్లు గుచ్చుకుంటే మొదట ఉత్త అన్నం ముద్ద, దానికి లొంగకపోతే అరటిపండు, దానికీ లొంగకపోతే వీధి చివరి మామ్మగారి మంత్రం. అలా పెరిగినవాణ్ణి, రాజకీయాలు మాట్లాడుతూ చేప తినడం నాకు అదే మొదలు.

ఇందులో మంత్రమేం లేదు. మూత బిగించాక డబ్బాలని ఆవిరి ఒత్తిడిలో, నీళ్ళు మరిగే వేడిని మించిన వేడిలో ఉంచుతారు. సూక్ష్మజీవులు చస్తాయి, పనిలో పనిగా ముళ్ళూ మెత్తబడతాయి. వాటిలోని కాల్షియం మనకి లాభం. మా డాక్టరుగారు రాసే కాల్షియం బిళ్ళలకి ఈ రుచి లేదని ఆయనతోనే అన్నాను. ఆయన నవ్వలేదు.

పోర్టోని ఆనుకునే మతోసిన్యోస్ అని రేవు పట్నం ఉంది. 1920లో మొదలైన పిన్యాయిష్ అనే డబ్బాల కర్మాగారం ఇప్పటికీ అక్కడ పాత పద్ధతిలోనే నడుస్తోంది. టిక్కెట్టు కొనుక్కుంటే లోపలికి రానిస్తారు. "చేపల కంపు చూడటానికి టిక్కెట్టా?" అని మా ఆవిడ. లోపల పని చేసేవాళ్ళు దాదాపు అందరూ ఆడవాళ్ళే. ఉప్పునీళ్ళలో ఊరిన చేపకి తల తీసి, పేగు లాగి, తీగ జల్లెడలమీద పేర్చి, ఆవిరికి ఉడికించి, చేత్తో డబ్బాలో సర్ది, నూనె పోస్తారు. కారం రకమైతే అదే డబ్బాలో ఓ ఎండుమిరపకాయ, ఓ క్యారెట్ చక్రం, ఓ ఊరిన దోసకాయ ముక్క, ఓ లవంగం, మిరియం, బిర్యానీ ఆకు. చివర కాగితం చుట్టడం కూడా చేతిపనే. ఒకావిడ చుట్టే తీరు చూశాను. రెండు చేతులు కదిలాయి, డబ్బా చొక్కా తొడుక్కుని పక్కకి జరిగింది. మధ్యలో ఏం జరిగిందో నాకైతే కనబడలేదు. మా ఆవిడ మాత్రం ఆ మసాలా చూసి మొదటిసారి మెత్తబడింది. "ఫర్వాలేదు, వీళ్ళకీ కాస్త తెలుసు" అంది. తెలియకేం! మిరియాల కోసం మన దేశం దాకా ఓడలేసుకుని వచ్చినవాళ్ళే, మనకి మిరపకాయ తెచ్చిచ్చినవాళ్ళే.

ఈ డబ్బా సంగతికి మూలపురుషుడు నికోలా అప్పేర్ అనే ఫ్రెంచి మిఠాయివాడు. ఆహారం చెడకుండా నిలవచేసే ఉపాయం చెప్పినందుకు ఫ్రెంచి ప్రభుత్వం ఆయనకి 12,000 ఫ్రాంకులిచ్చింది. 1810లో ఆయన దానిమీద పుస్తకం వేశాడు. గాజు సీసాలో పెట్టి, బిరడా బిగించి, మరిగించడం. ఎందుకు చెడదో ఆయనకీ తెలియదు. ఆ కారణం చెప్పాల్సిన పాశ్చర్ పుట్టిందే 1822లో. సీసా బదులు రేకు డబ్బా వాడే పేటెంటు అదే 1810లో ఇంగ్లండులో పీటర్ డ్యురాండ్‌కి దక్కింది. అంతా బాగుంది, ఒక్క చిక్కు తప్ప. డబ్బా తెరిచే పనిముట్టు గురించి ఎవరూ ఆలోచించలేదు. ఉలీ సుత్తీ పుచ్చుకుని బద్దలుకొట్టుకోవాలి. అమెరికాలో ఎజ్రా వార్నర్ డబ్బా కత్తికి పేటెంటు తీసుకున్నది 1858లో. ముందు తాళం కనిపెట్టి, అర్ధ శతాబ్దం తర్వాత తాళంచెవి చేశారన్నమాట. ప్రభుత్వ పథకాలు చూస్తూ పెరిగినవాడికి ఇందులో వింతేం కనబడదు.

రేకులో సార్డిన్లు పెట్టే వ్యాపారం 1820లలో ఫ్రాన్సులోని నాంత్ పట్నంలో జోసెఫ్ కొలాఁ చేతిమీదుగా ఊపందుకుని, బ్రిటనీ తీరమంతా పాకింది. అక్కడ దువార్నెనే అనే ఊళ్ళో కర్మాగారాల ఆడకూలీలు 1924 నవంబరులో సమ్మెకట్టారు. చేపలు ఎప్పుడొస్తే అప్పుడే పని, అర్ధరాత్రైనా సరే. కూలి గంటకి 80 సాంతీములు. అడిగింది ఫ్రాంకుంపావు. ఆరు వారాల పైన పోరాడి, 1925 జనవరిలో ఫ్రాంకు దగ్గర రాజీపడి గెలిచారు. వాళ్ళలో జోసెఫిన్ పెంకలె అనే ఆవిడ ఆ ఏడే పురపాలక ఎన్నికల్లో నిలబడి నెగ్గింది. అప్పటికి ఫ్రాన్సులో ఆడవాళ్ళకి ఓటే లేదు! ఓటు లేనిది సభ్యురాలెలా అవుతుందని ఎన్నిక కొట్టేశారు. డబ్బా మీద రంగుల కాగితం విప్పేటప్పుడు నాకు ఈ మాట ఒకసారి గుర్తొస్తుంది. తర్వాత నూనె వాసన తగిలి మర్చిపోతాను. మనిషిని కదా.

మేమున్న రోజుల్లోనే జూన్ 23 వచ్చింది. ఆ రాత్రి పోర్టో వీధుల్లో సాంజువాఁవ్ పండగ. వీధివీధినా బొగ్గులమీద పచ్చి సార్డిన్లు కాలుస్తారు, జనం ప్లాస్టిక్ సుత్తులు పట్టుకుని కనబడినవాడి నెత్తిన టక్కుమని కొడతారు. ముక్కూ మొహం తెలియని పాపాయి దగ్గర్నుంచి పోలీసాయన దాకా అందరూ నా బట్టతలని వాడుకున్నారు. మా ఆవిడకి పోర్చుగల్‌లో అన్నిటికంటే నచ్చింది ఈ ఆచారమే. సుత్తి ఒకటి కొని, విశాఖపట్నం తెచ్చుకుంది.

మా అల్లుడు లిస్బన్ వెళ్ళొస్తూ నాకో కానుక తెచ్చాడు. "మావయ్యగారూ, ఇది మీ కోసం" అని బంగారు రంగు డబ్బా చేతిలో పెట్టాడు. మీద 1958 అని పెద్ద అంకెలు. నేను పుట్టిన ఏడు. ఇలా ఏడాదికో డబ్బా అమ్మే దుకాణాలు అక్కడున్నాయి. పైన ఏడు మాత్రమే పాతది, లోపల చేప ఈ మధ్యదే. మా ఆవిడకి అది ఎంత చెప్పినా ఎక్కలేదు. "అరవై ఏళ్ళు దాటిన చేప తింటారా!" అని డబ్బా పట్టుకుపోయి దేవుడి గూటి వెనక దాచేసింది. అలాగని ఆవిడ భయం మరీ అన్యాయమూ కాదు. ఫ్రాన్సులో సార్డిన్లని కావాలనే ఏళ్ళ తరబడి మాగబెడతారు. పట్టిన ఏడు డబ్బా మీద అచ్చువేస్తారు. రసికులు వాటిని చీకటి అరలో పెట్టి, నూనె సమంగా పట్టేటట్టు కొన్ని నెలలకోసారి తిరగేస్తుంటారు. ఆవకాయ కలిపిన పూట తిన్నదానికీ, నూనె తేలి ముక్క ఊరాక తిన్నదానికీ తేడా తెలిసిన జాతికి ఇది వివరించి చెప్పాలా? నూనె, ఉప్పు, ఓపిక. సూత్రం అదే.

దాచుకోవడం మరీ ముదిరితే ఏమవుతుందో చెప్పే పాత షేర్ మార్కెట్ కథ ఒకటుంది. సార్డిన్ డబ్బాలకి కరువొచ్చి వర్తకులు ఒకరి చేతిలోంచి ఒకరు కొంటూ ధర పెంచుకుంటూ పోయారట. ఒక అమాయకుడు కొన్న డబ్బా తెరిచి తిని, చెడిపోయిందని అమ్మినవాడిమీదికి వెళ్ళాడు. "ఇవి తినే సార్డిన్లు కావయ్యా, అమ్మే సార్డిన్లు" అన్నాడట వాడు. మన ఊళ్ళ శివార్లలో ఇళ్ళస్థలాలు కొన్నవాళ్ళకి ఈ కథ బాగా అర్థమవుతుంది.

ఇంతకీ కవళ్ళ పరువు సంగతి. యూరప్ వాళ్ళు 1989లో ఒక నిబంధన పెట్టారు. డబ్బా మీద సార్డిన్ అని రాయాలంటే లోపల తమ సముద్రపు జాతే ఉండాలని. పసిఫిక్ చేపని డబ్బాల్లో పెట్టి పంపుతున్న పెరూ దేశానికి ఒళ్ళు మండి 2001లో ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కింది. పెద్ద పెద్ద లాయర్లు చేపల బంధుత్వాల మీద వాదించుకున్నారు. 2002లో పెరూ నెగ్గింది. వాళ్ళు చూపించిన ఆధారం కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం. డబ్బా సార్డిన్లుగా చెల్లే జాతులు అందులో అప్పటికి 21 ఉండేవి. ఆ జాబితాలో, చదువరులారా, సార్డినెల్లా లాంగిసెప్స్ ఉంది. అంటే మన నూనె కవళ్ళే! మా అమ్మ మూతపెట్టి దాచిన చేపకి ప్రపంచ గుర్తింపు పత్రం ఉందన్నమాట. బతికుంటే మా అమ్మ ఆ రోజు మూత తీసే తలుపు తెరిచేది.

తిరిగొచ్చేటప్పుడు పెట్టెలో సగం డబ్బాలే. వాటిని పొదుపుగా, ఆదివారాలకి ఒకటి చొప్పున తినాలని నా పథకం. ఒకరోజు పెన్షను పనిమీద బ్యాంకుకెళ్ళి వచ్చేసరికి వీధి మొగలోనే చింతపండు పులుపు, మెంతిపొడి వాసన. గుండె జారింది. వంటింట్లో ఖాళీ డబ్బాలు మూడు, తళతళలాడేట్టు తోమి బోర్లించి ఉన్నాయి.

"అంత జిడ్డేంటండీ ఆ చేపలకి! ఉప్పూ పసుపూ వేసి నాలుగుసార్లు కడిగితే గానీ వదల్లేదు" అంది మా ఆవిడ.

ఆ జిడ్డు కోసమే అంత డబ్బు పోశామని ఎలా చెప్పను? ఉడికిన చేపని మళ్ళీ ఉడికిస్తే ఏమవుతుంది, పులుసులో కలిసిపోయింది. గరిటెతో వెతికితే ఒక తోక దొరికింది. అయితే పులుసు మాత్రం అద్భుతంగా ఉంది. నా దుఃఖమే అది. మా ఆవిడ చేతి పులుసు బాగుండటానికి పోర్చుగల్ చేప అక్కర్లేదు. పడవ చెక్క వేసినా బాగుంటుంది.

అందుకే ఈ విన్నపం. మన పెద్ద నగరాల్లో దిగుమతి సరుకమ్మే దుకాణాల్లో ఈ డబ్బాలు దొరుకుతున్నాయి. కొనేముందు వెనకవైపు చదవండి. చేప, ఆలివ్ నూనె, ఉప్పు, అంతకుమించి ఉంటే మహా అయితే మసాలా దినుసులు. పట్టిక పొడవైతే అలమరాలోనే వదిలేయండి. ఫ్రిజ్‌లో పెట్టకండి, నూనె పేరుకుని రుచి ముడుచుకుపోతుంది. తెల్లపంచె కట్టుకుని తెరవకండి, రింగు లాగిన ఆఖరి క్షణంలో నూనె చిమ్ముతుంది, ఆ మరక పోదు. కాల్చిన రొట్టె, నాలుగు చుక్కల నిమ్మరసం, ఇష్టముంటే ఓ ఉల్లిపాయ చక్రం చాలు. అల్లం వెల్లుల్లి ముద్దని ఆ చాయలకి రానివ్వకండి.

చేపలైపోయాక డబ్బాలో నూనె మిగులుతుంది. దాన్ని పారబోసేవారితో నాకు స్నేహం లేదు. వేడన్నంలో ఆ నూనె పోసుకుని, పచ్చి ఉల్లిపాయ సన్నగా తరిగి, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తినండి. మీ ఇంట్లో ఎవరైనా ఆ వేళకి చింతపండు నానబెడుతూ కనిపిస్తే వాదనకి దిగకండి. డబ్బా జేబులో వేసుకుని మేడమీదికి వెళ్ళిపోండి.