31 టూల్‌బార్లూ, ఆరు వాక్యాల అర్జీ

పక్క చేను ఆసామి గట్టు జరిపేశాడని కోరుకొండ రైతు ఒకాయన తహసీల్దారు గారికి అర్జీ పెట్టుకోవాలి. మొత్తం ఆరు వాక్యాలు. దానికోసం మన ఆఫీసు సూటు వారు సిద్ధం చేసినవి చూడండి: లెక్కలు వేసేదొకటి, స్లైడ్లు తిప్పేదొకటి, మెయిళ్లకొకటి, మీటింగులకొకటి, అడక్కుండానే ‘నేను రాసిపెడతానండీ’ అని వెంటపడే కృత్రిమ మేధ ఒకటి. పచ్చడి మెతుకులు చాలన్నవాణ్ణి పెళ్లి పంక్తిలో కూర్చోబెట్టి ఏటేటా చందా వసూలు చేసినట్టుంది వరస.

1989లో విండోస్‌కి వచ్చిన తొలి మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో టూల్‌బార్లు 2. వర్డ్ 2003 నాటికి 31. అందులో ఉన్న సౌకర్యమే కనిపించక, దాన్నే కొత్తగా పెట్టండి బాబూ అని జనం కంపెనీని బతిమాలుకునేవారట! దారి చూపమని ఆఫీస్ 97లో ఒక కాగితం క్లిప్పుకి కళ్లు పెట్టి పంపారు. నాలుగేళ్లకి కంపెనీయే దాన్ని ఎగతాళి చేస్తూ ప్రకటనలిచ్చింది. దానికి పునర్జన్మే ఇప్పుడు వెంటపడుతున్న ఆ కృత్రిమ మేధ, కోపైలట్. ఈసారి దాని జీతం మన జేబులోంచే. కోపైలట్ లేని పాత ధర ప్లాను ఉందని చెప్పకుండా దాచారనీ, చందా రద్దు చేసుకోబోతే తప్ప అది కంటబడదనీ 2025 అక్టోబరులో ఆస్ట్రేలియా వినియోగదారుల కమిషన్ మైక్రోసాఫ్ట్ మీద కోర్టుకెక్కింది. అంటే, చౌక భోజనం కావాలంటే ముందు అలిగి లేవాలి.

మన డీటీపీ కుర్రాడి పద్ధతి వేరు. అను స్క్రిప్ట్ మేనేజర్ అక్షరం వేస్తుంది, పేజ్‌మేకర్ పేజీ కడుతుంది, వాట్సాప్ మోసుకుపోతుంది. ఇలాగే ఒక ప్రోగ్రాం ఇచ్చినదాన్ని ఇంకొకటి అందుకునేలా 1973లో బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెకిల్‌రాయ్ పట్టుబట్టి యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టంలో పైపులు పెట్టించాడు. ఆ పేరు కుర్రాడు వినుండడు, వినాల్సిన పనీ లేదు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అడోబీ దానికి ఎప్పుడో పెద్దకర్మ చేసేసింది. మనవాళ్లు మాత్రం దాంతోనే పెద్దకర్మ కార్డులు వేస్తున్నారు.

చిన్నదే చక్కనిదని భజన చేసేవాళ్లు అప్పుడే చిడతలు తీయక్కర్లేదు. అనులో కొట్టిన అర్జీని ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరవండి. ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలగలిసి, ఎవరో ఎవర్నో తిడుతున్నట్టుంటుంది. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. అయినా మన పాత ఫాంట్ల వాళ్లు ఎవరి గొళ్లెం వాళ్లే పెట్టుకున్నారు. సూటు వారిది పెద్ద గేటు, వీళ్లది చిన్న గొళ్లెం, లోపల ఇరుక్కున్నది మాత్రం అదే రైతు రాత. మెకిల్‌రాయ్ పైపులు పనిచేసింది అవి చిన్నవి కావడం వల్ల మాత్రమే కాదు, వాటిలో పారింది ఎవరైనా చదవగల మామూలు అక్షరం కావడం వల్ల.

ఆ కిటుకు పట్టుకున్నది 2006లో వీవెన్ పెట్టిన లేఖిని. నాగార్జున వెన్న చేసిన పద్మ అనే ప్రోగ్రాం దానికి ఆధారం. ఒకే వెబ్ పేజీ. పై పెట్టెలో రోమన్ అక్షరాల్లో కొడితే కింది పెట్టెలో యూనికోడ్ తెలుగు వస్తుంది, ఎక్కడికి పట్టుకెళ్లినా తెలుగుగానే ఉంటుంది. ఖాతా తెరవమనదు, సలహా చెప్పదు. పాపం, ఏటేటా పెంచుకోవడానికి దానికి ధరంటూ ఒకటి లేదు.