వెనుక అద్దపు వైభవము

మోటారు బండికి వెనుకవైపున అద్దమేల యనెడు ప్రశ్నకు ఆ బండిని నిర్మించిన యింజనీర్లు చెప్పు సమాధానమొకటి. మన దేశమున దానిని కొన్న గృహస్థులు ఆచరణపూర్వకముగా చెప్పు సమాధానము మఱియొకటి. నడపువాని తలకు ముందు వ్రేలాడు చిన్న దర్పణములో వెనుకటి దారి కనబడుటకై దానిని అమర్చితిమని మొదటివారు నేటికిని నమ్ముచున్నారు. ఈ నమ్మకమెంత అమాయకమైనదో తెలియుటకు సాయంకాలము విజయవాడ బెంజిసర్కిలు దగ్గఱ ఎఱ్ఱదీపము వెలిగినపుడు ఒకసారి తలయెత్తి చూచిన చాలును. లోనివారు బయటకు చూచుటకు గాక, బయటివారు ఆగి చదువుకొనుటకై, ప్రతి కుటుంబమును తన వంశమును, ఇలవేలుపును, అభిమాననటుని, వృత్తిని, అవకాశమున్నచో పలుకుబడిని గూడ లోకమునకు ప్రకటించుకొనుటకై యేర్పడిన శాసనఫలకమే వెనుక అద్దమను సత్యము అప్పుడు బోధపడును.

పైభాగమున అర్ధచంద్రాకృతిగా "అమ్మానాన్నల ఆశీస్సులతో" అని యుండును. దాని దిగువ ఎడమప్రక్క కుమారుని పేరు, కుడిప్రక్క కుమార్తె పేరు, మెలికలు తిరిగిన ఆంగ్లలిపిలో. నడుమ తిరునామమో, శిలువయో, నెలవంకయో. ఒక మూల బావమఱది పనిచేయు ప్రభుత్వశాఖ పేరు. ఆ బావమఱది బండిలో నుండవలెనను నియమము లేదు. ఇంకొక మూల, లోపల పసిపాప యున్నదను పసుపుపచ్చని హెచ్చరిక. ఆ పసిపాప యిప్పుడు ఈఏపీసెట్ కోచింగునకు పోవుచున్నను హెచ్చరిక మాత్రము గాజును వదలదు. వీటినన్నింటిని తప్పించుకొని చూపు దూరుటకు మిగిలిన జానెడు ఖాళీలో, లోపలినుండి తలగడలు, నీళ్ల క్యాను, మడతపెట్టిన బొంత అడ్డునిలుచును.

బండి ఎస్‌యూవీ యైనచో ఫలకపు వైశాల్యము పెరుగును. వైశాల్యముతోబాటు గౌరవమును పెరుగును. ఈ ఎస్‌యూవీ యనగా నేమో నిర్ణయించుటకు 2022 డిసెంబరులో జి.ఎస్.టి. మండలివారే పూనుకొని, 22 శాతపు సెస్సు ఎవరిపై పడవలెనో తేల్చుటకై, ఇంజను 1500 సి.సి.లకు మించవలెననియు, పొడవు 4000 మిల్లీమీటర్లకు మించవలెననియు, నేలకును బండి యడుగునకును నడుమ కనీసము 170 మిల్లీమీటర్ల ఎడముండవలెననియు చెప్పి, వీటన్నింటితోబాటు ఆ బండి లోకమున ఎస్‌యూవీ యని ప్రసిద్ధి గాంచినదై యుండవలెనను షరతును గూడ పెట్టిరి. ప్రసిద్ధిని కొలిచి పన్ను వేయ సాహసించిన ప్రభుత్వములు లోకచరిత్రలో అరుదు. మఱుసటి సంవత్సరము ఆ ప్రసిద్ధిషరతును తీసివేసిరి గాని, కొన్నవారి మనస్సులలోనుండి దానిని తీసివేయుట ఏ మండలికిని సాధ్యము కాలేదు.

మా వీధిలో నొక గృహస్థుగారికి ఇట్టి ప్రసిద్ధవాహనము కలదు. వేసవిలో ఆయన అత్తవారి యూరగు నూజివీడు పోయి, తిరుగుప్రయాణమున రసాల గంపలను, కొత్తావకాయ జాడీలను, అప్పడముల డబ్బాలను, వాటిపైన అత్తగారు ఆప్యాయముగా నిచ్చిన పాత కుట్టుమిషనును ఇనుపకాళ్లతో సహా డిక్కీలో నెక్కించెను. తలుపు పడలేదు. "ఇంకొంచెం గట్టిగా నొక్కండి, అదే పడుతుంది" అని ధర్మపత్ని యుపదేశము. "నువ్వు జరుగు బావా" అని బావమఱది ముందునకు వచ్చి నొక్కెను. తలుపు పడినది, అద్దమును పడినది. మిషను కాలికొన తగిలినది గోరంత చోటనే యైనను, అద్దమంతయు పెళ్లున ధ్వనించి తెల్లబారి, సెనగగింజలంత ముక్కలై మామిడిపండ్లపై రాలినది. ఆవకాయ జాడీలకు వాసెనలు గట్టిగా కట్టియుండుట ఆ కుటుంబపు పూర్వజన్మసుకృతము.

విచారణ అక్కడనే, నడివీధిలోనే, మొదలయ్యెను. బండికి ముందు బంపరు క్రింద నిమ్మకాయలను మిరపకాయలను కట్టిరి గాని వెనుక నేమియు కట్టలేదనియు, దిష్టి ఆ లోపమును కనిపెట్టి వెనుకనుండి వచ్చినదనియు అత్తగారి సిద్ధాంతము. "కంపెనీవాడు నాసిరకం గ్లాసు వేశాడు బావా, లేకపోతే ఇంతదానికి మొత్తం రాలిపోద్దా?" అని బావమఱది సిద్ధాంతము.

బావమఱది మాట యథార్థమునకు సరిగా విరుద్ధము. మొత్తము రాలిపోవుటయే ఆ గాజు ధర్మము. ముందటి అద్దము జాతి వేఱు: అది రెండు గాజుపలకల నడుమ పాలీవినైల్ బ్యూటిరాల్ అను పలుచని పొరనుంచి అదిమినది, పగిలినను ఆ పొర నంటిపెట్టుకొని నిలుచును. 1903లో ఎడ్వార్ బెనెడిక్టస్ అను ఫ్రెంచి రసాయనవేత్త చేతినుండి జారిన సీసా యొకటి పగిలియు విడిపోకుండుటయు, అందు మునుపున్న సెల్యులోజు ద్రావణము ఎండి లోపల పొరగట్టియుండుటయే అందులకు కారణమని ఆయన గ్రహించుటయు దానికి మూలకథ. వెనుక అద్దము టఫెన్డ్ గాజు. దానిని 600 డిగ్రీలకు పైగా కాల్చి ఇరువైపులనుండి ఒక్కసారిగా చల్లగాలిని విసరుదురు. పైపొర ముందుగా గట్టిపడిపోవును. లోపలిభాగము తరువాత తీరికగా చల్లారుచు, కుంచించుకొనబోయి, అప్పటికే బిగిసిపోయిన పైపొరను లోనికి గుంజును. ఆ విధముగా పైన అణగియుండుట, లోన గుంజుకొనుచుండుట యను రెండును ఎడతెగక నిలిచి, ఆ రెండింటి సమతూకమే దాని బలమగును. ఉమ్మడికుటుంబములలో పెరిగినవారికి ఇంతకంటె వివరింప నక్కఱలేదు. పెద్దపెద్ద దెబ్బలను ఓర్చుకొను ఆ గాజు, ఒక వాడిమొన పైపొరను దాటి లోనిభాగమును తాకినంతనే, ఇన్నాళ్లు దాచుకొన్నదంతయు ఒక్కసారి వెళ్లగ్రక్కి మొద్దు పలుకులై కూలిపోవును. కత్తులవంటి పెంకులు లేవవు గనుకనే ఆనాడు ఎవ్వరి చేతులును తెగలేదు. ఈ శాస్త్రమును బావమఱదికి బోధించుటకు వ్యవధి లేకపోయినది. దిష్టిసిద్ధాంతము అప్పటికే నెగ్గినది.

కుట్టుమిషనును అత్తవారింటనే దించి, మామిడిపండ్లను కడిగి ప్రయాణమైనారు. అప్పుడు సంభవించినదొక అపూర్వవిశేషము. గృహస్థుగారు అలవాటున కాక, చెమట తుడుచుకొనుటకై తలపై దర్పణము వంక చూచెను. ఆ దర్పణములో దారి కనబడెను. ఇసుకలారీ యొకటి, దాని వెనుక బస్సు, బస్సును దాటుటకు తొందరపడుచున్న మోటారుసైకిళ్లు, అన్నియు ఆయన బండినే తరుముచున్నట్లు వచ్చుచుండెను. ఆయన నిశ్చేష్టుడై, "ఇవన్నీ ఎప్పటినుంచి వస్తున్నాయే?" అని ధర్మపత్ని నడిగెనట. అద్దముండినంతకాలము కానరాని లోకము అద్దము పోగానే కానవచ్చుట వేదాంతులకు విషయము కావచ్చును. ఆయన కది భయకారణమైనది. హనుమాన్ జంక్షను చేరకమునుపే ప్లాస్టిక్ పట్ట యొకటి కొని, ప్యాకింగు టేపుతో ఆ కంతను మూయించి, కుదుటపడెను.

ఇంటికి చేరిన పిమ్మట ఇన్సూరెన్సు ప్రకరణము. మన దేశపు మోటారు పాలసీలలో తరుగుదల యను పట్టిక కలదు. రబ్బరు, ప్లాస్టిక్ భాగములు పగిలినచో వాటి వెలలో 50 శాతము కోసివేయుదురు. రేకునకు వయస్సునుబట్టి కోత. గాజునకు మాత్రము తరుగుదల సున్న. లోహము తుప్పుపట్టును, రబ్బరు బిఱుసెక్కును, యజమానికి జుట్టు నెరయును, గాజొక్కటే పాలసీ దృష్టిలో నిత్యయౌవనము గలది. ఈ శుభవార్తను ఏజెంటు ఫోనులో గానము చేసినట్లు వినిపించి, చివర స్వరము తగ్గించి, "కానీ క్లెయిం పెట్టకండి సార్" అనెను. 1500 సి.సి.లకు మించిన బండికి మొదటి 2000 రూపాయలు ఎట్లును యజమానియే భరింపవలెను; అదిగాక, ఐదేండ్లు క్లెయిము లేకుండ గడిపినవారికి స్వంతనష్టపు ప్రీమియములో 50 శాతమువఱకు పెరుగు నో క్లెయిం బోనసు, ఒక్క అద్దము నడిగిన పాపమునకు, మరుసటి యేడు మొదటికి వచ్చును. "మరి పాలసీ ఎందుకయ్యా?" అని గృహస్థుగారు. "మనశ్శాంతికి సార్" అని ఏజెంటు. గృహస్థుగారు ఆఖరిప్రయత్నముగా అడిగిన ప్రశ్న ఏజెంటు జీవితమున మునుపెన్నడును విననిది: "అద్దం సంగతి సరే, దాని మీద స్టిక్కర్లకి ఎంత ఇస్తారు?"

ఆ పిమ్మట ఆయన షోరూమునకు పోగా, అక్కడివారు చల్లని గదిలో కూర్చుండబెట్టి, టీ యిచ్చి, వైపరున్న రకమా, లేని రకమా, డిఫాగరు తీగలున్నవా, యాంటెన్నా గాజులోనే యున్నదా యని యడిగిరి. స్పీకర్లెన్నియో, సన్‌రూఫ్ ఎంత దూరము తెఱచుకొనునో కంఠస్థముగా చెప్పగల ఆయనకు తన బండి వెనుక వైపరు కలదో లేదో జ్ఞాపకము రాలేదు. ఇది పనికిమాలిన ప్రశ్న కాదు. టఫెన్డ్ గాజును ఒకసారి కాల్చి చల్లార్చిన పిదప కోయుటగాని, రంధ్రము వేయుటగాని పొసగదు. వేయబోయిన మొత్తము రాలును. వైపరు రంధ్రము పుట్టుకతోనే యుండవలెను. ఎట్టకేలకు వాహనపు వంశవృక్షము తేలిన తరువాత, "స్టాకు లేదు సార్, ఆర్డరు పెట్టాలి, అడ్వాన్సు కట్టండి" అనిరి. ఆయన టీ త్రాగి ఆటోనగరునకు పోయెను.

విజయవాడ ఆటోనగరును గూర్చి వ్యంగ్యము వ్రాయుటకు నాకు చేయి రాదు. అక్కడి అద్దాల మేస్త్రీ ప్లాస్టిక్ పట్టను ఊడబెరికి, కంతను ఒక్కసారి చూచి, రకమును తానే చెప్పెను. డిక్కీ తలుపు లోపలి పలకను క్లిప్పులొక్కటియు విఱుగకుండ విప్పి, తలుపు పొట్టలో చేరిన గాజుపలుకులను గిన్నెలోనికి దులిపి, మిగిలినవానిని వాక్యూముతో లాగెను. అంచున గట్టిపడియున్న పాత నల్లగమ్మును మొత్తము గీకివేయుమని గృహస్థుగారు ఆజ్ఞాపించగా, అతడు కత్తిని ఆపకయే, "రేకు దాకా గీకితే తుప్పొచ్చుద్ది సార్. పాత గమ్ము పల్చగా ఉంచితేనే కొత్తది పట్టుద్ది" అని, ఆయన మాటను వినక తన పనినే సాగించెను. కొత్త అద్దపు అంచునకు ప్రైమరు పూసి, గమ్ముగొట్టపు మూతిని వంకీగా కోసి, నాలుగువైపులను చేయి యెత్తకుండ, ఎక్కడను సన్నగిల్లకుండ, ఒక్క ధారగా పోసెను. పిమ్మట రబ్బరు పట్టుకప్పులతో ఇద్దఱు అద్దమునెత్తి, ఊపిరి బిగబట్టి, ఒక్కసారే ఆనించిరి. ఆనిన తరువాత జరుపుట లేదు. జాఱకుండ టేపులు వేసి, "రేపటిదాకా తలుపు దబాల్న వెయ్యమాకండి. కిటికీ అద్దం ఒకటి కాస్త దించి ఉంచండి, లేకపోతే లోపలి గాలికి ఇది కదిలిపోద్ది" అని జాగ్రత్త చెప్పెను. ఆ పాలీయురెథేన్ గమ్ము గాలిలోని తేమను పీల్చి గట్టిపడునది. బెజవాడ వేసవి యుక్కకు లోకోపకారమొకటి కలదని అందువలన సిద్ధించుచున్నది.

కొత్త అద్దపు మూలన, బొటనవ్రేలంత చోట, ఐ.ఎస్.ఐ. ముద్రయు దాని క్రింద ఐ.ఎస్. 2553 అను ప్రమాణపు సంఖ్యయు నుండుటను మేస్త్రీ చూపించెను. గృహస్థుగారు ఆ చోటును శ్రద్ధగా పరిశీలించి, బావమఱది శాఖ స్టిక్కరు అక్కడనే సరిగా నప్పునని తలయూచెను. గాజుపై అడ్డముగా పఱచుకొన్న సన్నని గీతల నడుగగా, అవి డిఫాగరు తీగలనియు, వెండి కలిసిన ముద్దతో గాజుపై అచ్చువేసి కాల్చినవనియు, స్విచ్చి నొక్కిన వేడెక్కి మంచుతెరను కరిగించుననియు తెలిసినది. ఆ స్విచ్చి యెక్కడనున్నదో వెదకుటకు కుటుంబమంతయు శ్రమింపవలసివచ్చెను. దొరికిన పిమ్మట దానిని ఏ.సి. మీట యనుకొని మే నెలయంతయు నొక్కుచుండినట్లు వెల్లడియయ్యెను.

"నల్ల ఫిల్ము వేస్తావా?" అని గృహస్థుగారి తరువాతి ప్రశ్న. వేయనని మేస్త్రీ. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 100వది ముందువెనుక అద్దములగుండా వెలుతురు 70 శాతము ప్రసరింపవలెనని చెప్పుచున్నది. 2012 ఏప్రిల్ 27న సుప్రీముకోర్టు నల్ల ఫిల్ములు కూడవని తీర్పు చెప్పినది. అదిగాక లోపల నంటించిన ఫిల్మును తరువాత బ్లేడుతో గీకునపుడు తీగలు తెగును. చట్టముకంటె ఈ రెండవ కారణమే ఆయనకు హృదయంగమమైనది, డబ్బు పోసి కొన్న తీగలు గనుక.

బండి యింటికి వచ్చెను. నిర్మలమైన ఆ గాజుగుండా లోపలి తలగడలు, నీళ్ల క్యాను, బొంత వీధికంతకు కనబడజొచ్చెను. ఎవరి బండియో, ఎవరి ఆశీస్సులతో కొన్నదో, లోనివారి పలుకుబడి యేపాటిదో దారినిపోవువాని కేమియు తెలియదు. ఇట్టి అనామకత్వమును ఆ కుటుంబము రెండు పూటలకు మించి సహింపలేకపోయినది. గమ్ము పూర్తిగా ఆరకమునుపే స్టిక్కర్లవాడు వచ్చి కొలతలు తీసికొన్నాడు. ఈసారి అమ్మానాన్నలతోబాటు అత్తగారి ఆశీస్సులను గూడ చేర్చిరి. దిష్టినివారణార్థము నడుమ రాక్షసుని ముఖమొకటి, కోఱలు నాలుకతో సహా, నిండుగా వేయించిరి.

కావున పాఠకమహాశయులకు మనవి. మీ ముందున్న బండి వెనుకకు జరుగుచున్నపుడు చదువుచు నిలువకుడు. హారను కొట్టుడు. ఆయనకు మీరు కనబడరు.