పొగ చూసి చెప్పేవాళ్ళం

మా రోజుల్లో ట్రాక్టరుకి ఏం జబ్బు చేసిందో పొగగొట్టమే చెప్పేది. నల్లపొగ కక్కుతుంటే డీజిలు ఎక్కువ పడుతోందనో, ఎయిర్ క్లీనర్ మూసుకుపోయి గాలి అందట్లేదనో అర్థం. నీలంపొగ అయితే రింగులు అరిగి ఇంజనాయిలు కాలిపోతున్నట్టు. తెల్లపొగ పొద్దున్నే కాసేపు వచ్చి ఆగిపోతే చలి వల్ల. బండి వేడెక్కాక కూడా ఆగకపోతే నాజిళ్ళు విప్పాలి, లేదా హెడ్ గాస్కెట్ చూసుకోవాలి. తెనాలి చుట్టుపక్కల దమ్ములు చేసే రోజుల్లో గట్టు మీద నిలబడే ఏ బండికి ఏం పని పడబోతోందో చెప్పేసేవాళ్ళం. అక్షరమ్ముక్క రాని పాలేరు కూడా "పొగ మారిందండీ మేస్త్రిగారూ, ఓసారి వచ్చి చూడండి" అని షెడ్డుకొచ్చి చెప్పేవాడు.

ఇప్పుడు టెక్సాస్‌లో మా అబ్బాయి కొన్న 35 హార్సుపవర్ బుల్లి ట్రాక్టరుకి పొగే లేదు. సైలెన్సరు ఉండాల్సిన చోట లావుపాటి డబ్బా ఒకటి బిగించారు. దాన్ని డీపీఎఫ్ అంటారు, అంటే మసిని పట్టే ఫిల్టరు. లోపల తేనెపట్టులా సన్నసన్న గదులున్న పింగాణీ దిమ్మ ఉంటుంది. ఒక గదికి ఈ చివర మూత, పక్కదానికి ఆ చివర మూత. పొగ బయటికి పోవాలంటే గదుల మధ్య గోడల్లోంచే దూరాలి. గాలి దూరిపోతుంది, మసి గోడకే ఆగిపోతుంది.

అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ 2004లో టియర్ 4 నిబంధనలు పెట్టింది. ఇంచుమించు 25 నుంచి 50 హార్సుపవర్ ఇంజన్లకి 2013 నుంచి మసి పరిమితిని కిలోవాట్ గంటకి 0.03 గ్రాములకి దించింది. అంతకుముందు అది 0.3. ఒక్క దెబ్బకి పదో వంతు అయింది. 25 లోపు వాటికి మాత్రం 0.4 దగ్గరే వదిలేసింది. అంగట్లో 25కి కాస్త తక్కువ చూపించే మోడళ్ళు అన్ని కనిపించేది అందుకే.

మసి మంచిదని నేను ఏనాడూ అనను. డీజిలు పొగ క్యాన్సరు తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చి చెప్పింది. తలుపులు మూసిన షెడ్డుల్లో ఆ పొగ పీలుస్తూ బతికినవాళ్ళం మేము. నాతో పనిచేసినవాళ్ళు దగ్గుతూనే ముసలివాళ్ళయ్యారు. ఫిల్టరు రావాల్సిందే, వచ్చింది. నా కోపం దాని మీద కాదు. మసితో పాటు, మసి మోసుకొచ్చే కబురు కూడా అందులోనే ఆగిపోయింది. దాని బదులు దేన్ని చూసుకోవాలో బండి కొన్నవాడికి ఎవరూ నేర్పట్లేదు. నా కోపమంతా దాని మీదే.

మా రోజుల్లో బండిని బాగా చూసుకోవడమంటే సుకుమారంగా నడపడం. స్టార్టు చేశాక స్లోలో పెట్టి కాసేపు వదిలేవాళ్ళం. మహీంద్రా బి-275 అయినా, మాస్సీ 1035 అయినా అదే మర్యాద. ఈ ఫిల్టరు బండికి ఎక్కువసేపు స్లోలో పెట్టడమే శత్రువు. మసి కాలాలంటే పొగ వేడిగా ఉండాలి. రైజు మీద, బరువు మీద పని చేయిస్తే చాలావరకు దానంతటదే కాలిపోతుంది. అలా కాలక మసి పేరుకుంటే బండే అదనంగా డీజిలు పోసి, ఫిల్టరుని 600 డిగ్రీల దాకా వేడెక్కించి కాల్చుకుంటుంది. దీన్నే రీజెన్ అంటారు.

ఇక ఇప్పటివాళ్ళ పద్ధతి చూడండి. శనివారం బండి తీస్తారు, నాలుగు తట్టల మట్టి అటు నుంచి ఇటు మోస్తారు, ఆపేస్తారు. వేడెక్కనే వేడెక్కదు. రీజెన్ మొదలైతే మధ్యలో తాళం తిప్పేస్తారు. మసి సగం కాలి సగం మిగులుతుంది. సిలిండర్లలోకే అదనపు డీజిలు చిమ్మి వేడి పుట్టించే ఇంజన్లలో కాలని డీజిలు రింగుల పక్కనుంచి జారి ఆయిల్లో కలుస్తుంది. మా రోజుల్లో స్టిక్కు మీద ఆయిలు తగ్గితే కంగారుపడేవాళ్ళం. ఇప్పుడు పెరిగితే ఇంకా ఎక్కువ కంగారుపడాలి. డీజిలు కలిసి పలచబడ్డ ఆయిలు బేరింగులని తినేస్తుంది. స్టిక్కు తీసి చూసేవాడుంటే కదా ఆ సంగతి తెలిసేది!

తనంతట కాల్చుకోలేక బండి రీజెన్ దీపం వెలిగించాక చేయాల్సింది కష్టమేమీ కాదు. ఎండుగడ్డి లేని చోట, గాలి ఆడే చోట బండి ఆపాలి. ఆ పొగగొట్టం దగ్గర వేడికి గడ్డి అంటుకోగలదు. గేరు న్యూట్రల్లో పెట్టి, పీటీఓ తీసేసి, చేతి బ్రేకు లాగి, రీజెన్ మీట నొక్కి అరగంట అటూ ఇటూ ఓపిక పట్టాలి. మధ్యలో ఆపకూడదు. ఆ ఓపిక లేక దీపాన్ని పట్టించుకోకుండా నడిపితే బండి ముందు బలం తగ్గించేస్తుంది. ఆ తర్వాత డీలరు కంప్యూటరు తగిలిస్తే తప్ప మాట వినదు. మావాడికి అదే జరిగింది. ట్రాలీ మీద వేసుకుని పోయి, వారాల తరబడి వంతు కోసం కాచుకుని, పెద్ద బిల్లు కట్టి తెచ్చుకున్నాడు. బండి అమ్మిన రోజు ఈ నాలుగు మాటలు ఆ డీలరు చెప్పి ఉంటే ఆ బిల్లే ఉండేది కాదు.

ఆయిలు సంగతి కూడా చెప్పాలి. మాకు 20డబ్ల్యూ-40 డబ్బా ఒకటి తెస్తే అన్ని బళ్ళకీ అదే. ఇప్పుడు డబ్బా మీద తక్కువ బూడిద గుర్తు, సీజే-4 అనో సీకే-4 అనో ఉందో లేదో చూసి పోయాలి. ఆయిల్లో కలిపే కాల్షియం, జింకు కాలి బూడిదవుతాయి. మసి కాలుతుంది, బూడిద కాలదు. ఎన్ని రీజెన్లు చేసినా ఆ బూడిద గోడల మీదే పేరుకుంటుంది. ఫిల్టరు విప్పి యంత్రం మీద శుభ్రం చేయించాలి తప్ప ఇంట్లో నీళ్ళు కొడితే పోదు. 3000 గంటల లోపు ఆ పని పడకూడదని కంపెనీలకి ఈపీఏ నియమం ఉంది. ఏడాదికి వంద గంటలు నడిపేవాడికి అది 30 ఏళ్ళ మాట. అంటే సరైన ఆయిలు పోసే చిన్న రైతు భయపడాల్సింది బూడిదకి కాదు, మసికి. మసిని కాల్చుకోవడం అతని చేతుల్లోనే ఉంది.

కొందరు ఈ బాధ పడలేక ఫిల్టరు కోసి పారేయిస్తున్నారు. అక్కడి క్లీన్ ఎయిర్ చట్టానికి అది విరుద్ధం. చట్టం సంగతి అటుంచినా, పక్కవాడి ఊపిరితిత్తుల్లోకి మసి వదిలే పని చేతిలో విద్య ఉన్నవాడు చేయకూడదు. అడగాల్సింది వేరే ఉంది. బండి లోపలి లెక్కలు చూసుకునే హక్కు బండి యజమానికి కావాలి. కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాల రిపేరు హక్కు కోసం 2023లో చట్టం చేసి 2024 నుంచి అమల్లో పెట్టింది. అలాంటి చట్టం ప్రతిచోటా రావాలి.

ఈలోగా చేయగలిగింది ఒకటుంది. పొగ పోయినా గుర్తు పూర్తిగా పోలేదు, దాని చోటు మారిందంతే. రీజెన్‌కీ రీజెన్‌కీ మధ్య బండి ఎన్ని గంటలు తిరిగిందో అదే ఇప్పటి పొగ. మీటరు చూసి ప్రతిసారీ ఓ నోటు పుస్తకంలో రాసుకోండి. పని మారకుండానే ఆ ఎడం తగ్గుతూ వస్తోందంటే లోపల నల్లపొగో నీలంపొగో పుడుతోందని, ఫిల్టరు దాన్ని దాచేస్తోందని తెలుసుకోండి. ఎయిర్ ఫిల్టరు చూడండి, నాజిల్ కారుతోందేమో చూడండి, టర్బో ఉంటే దాని సీలు చూడండి, రింగుల సంగతి చూడండి. జబ్బు ఇంజనులో ఉండగా ఎన్నిసార్లు మసి కాల్చినా ఏం లాభం?

మన దేశంలోనూ 50 హార్సుపవర్ దాటిన ట్రాక్టర్లకి 2023 జనవరి నుంచి ట్రెమ్-4 నిబంధనలు వచ్చాయి. రేపో మాపో చిన్నవాటి వంతూ వస్తుంది. మన పల్లెల్లో మేస్త్రీలకీ డ్రైవర్లకీ ఈ విద్య ముందే నేర్పాలి. బండితో పాటు తెలుగులో రాసిన కాగితం ఇవ్వాలి, డెలివరీ రోజే రీజెన్ ఒకసారి చేసి చూపించాలి. కొనేవాళ్ళు కూడా అది చూపించేదాకా తాళం చేతికి తీసుకోకూడదు.