బలం తక్కువ పంపు కావలెను

మారుతి కారుకు పెట్రోలు పంపు అడిగితే దుకాణంలో వెంటనే కౌంటర్ మీద పెడతారు. పాత మిలిట్రీ లారీకి అడిగితే ముందు కుర్చీ వేస్తారు, చాయ్ చెప్తారు, అది తాగడం అయ్యాక "ఎందుకు సార్ మీకీ పరేషాన్?" అని మెల్లగా అడుగుతారు. అంబర్‌పేట్ లెక్కల సారుకు రాణిగంజ్ స్పేర్‌పార్టుల బజారులో జరిగిన మర్యాద సరిగ్గా ఇదే.

రిటైరైనవాళ్లు కొందరు తీర్థయాత్రలకు వెళ్తారు, కొందరు షేర్లు కొంటారు. సారు సైన్యం డిస్పోజల్‌లో వచ్చిన నిస్సాన్ వన్ టన్ను లారీ కొన్నారు. డిజైను జపాన్‌ది, తయారీ జబల్‌పూర్‌ది. అక్కడి వెహికిల్ ఫ్యాక్టరీ 1969లో మొదలై సైన్యానికి శక్తిమాన్ లారీలు, జోంగా జీపులు, ఈ వన్ టన్నులు చేసిపెట్టింది. శక్తిమాన్ డీజిల్ బండి, దాని గొడవలు దానివి. జోంగాలోనూ వన్ టన్నులోనూ ఉండేది నిస్సాన్ పి ఇంజను: ఆరు సిలిండర్లు, 3,956 సీసీ, తాగేది పెట్రోలు. లీటరుకు నాలుగు కిలోమీటర్లు వచ్చిన రోజు సారు ఇంట్లో పాయసం.

ఇంట్లో ఒప్పించడానికి ఆయన వాడిన ఆయుధం ధోనీ. 2019 మే 12న మన ఉప్పల్ స్టేడియంలోనే ఐపీఎల్ ఫైనల్లో ధోనీ రనౌటయ్యాడు, చెన్నై ఒక్క పరుగుతో ఓడింది. అదే ఏడాది అక్టోబరులో అతను ఓ పాత జోంగా కొనుక్కున్నాడు. "అంత దుఃఖం నుంచి తేరుకోవాలంటే ఈ ఇంజను ఒక్కటే మార్గం" అని సారు సిద్ధాంతం. "మీరే మ్యాచ్ ఓడిన్రని?" అని సారు భార్య అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ జవాబు లేదు.

బండి వచ్చిన కొత్తలో అసలు సమస్య రంగు. సైన్యం వాహనాలకు తప్ప మరే బండికీ ఆలివ్ గ్రీన్ వేయకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది చెబుతుంది. అందుకని గోధుమ రంగు వేయించారు. యుద్ధానికి పుట్టిన బండి బిస్కెట్ల కంపెనీలో చేరినట్టు కనిపించసాగింది.

పంపు గొడవ మేలో బయటపడింది. మిట్టమధ్యాహ్నం, ఉప్పల్ చౌరస్తా, 2023లో తెరిచిన స్కైవాక్ కింద బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. స్కైవాక్ కట్టింది పాదచారులు భద్రంగా రోడ్డు దాటడానికే గానీ, ఆ రోజు అది బాల్కనీ క్లాసుగా పనికొచ్చింది. జనం పైనుంచి సారును చూశారు, వీడియో తీశారు, సలహాలు కిందికి విసిరారు. అరగంట తర్వాత బండి తనంతట తానే స్టార్టయింది. ఈ అవమానం మొదటిదానికంటే పెద్దది.

కారణం తెలిసినదే. ఈ ఇంజను పక్కన ఒక మెకానికల్ పంపు ఉంటుంది, మెకానిక్‌ల భాషలో ఏసీ పంపు. క్యామ్ షాఫ్ట్ దాని లీవరును కొడుతుంటే లోపలి రబ్బరు డయాఫ్రం పైకీ కిందికీ ఆడి, ఎక్కడో ఉన్న ట్యాంకు నుంచి పెట్రోలు పీలుస్తుంది. పీల్చినప్పుడు పైపులో ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే పెట్రోలు ఇంకా తక్కువ వేడికే మరుగుతుంది. అసలే అది నలభై డిగ్రీల లోపే మరగడం మొదలెట్టే సరుకు. హైదరాబాద్ ఎండ, దానిమీద ఇంజను సెగ. పైపునిండా ఆవిరి, పంపుకు పెట్రోలు దొరకదు. అంబాసిడర్ల కాలంలో డ్రైవర్లు సీటు కింద ఒక సీసా నీళ్లు, ఒక పాతగుడ్డ ఎందుకు పెట్టుకునేవారో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పంపు మీద తడిగుడ్డ వేసి, బీడీ ముట్టించుకుని, అది అయ్యేదాకా ఆగేవారు. పెట్రోలు పంపు పక్కన బీడీ ఏమిటని ఎవరూ అడిగేవారు కాదు.

విరుగుడు కూడా తెలిసిందే: ట్యాంకు దగ్గర, చాసిస్ మీద ఒక కరెంటు పంపు బిగించి, పీల్చడం మాని తోయించడం. తోసే పైపులో ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఆవిరి అంత తొందరగా పుట్టదు. ఏ పంపు అన్న దగ్గరే సారుకు, ప్రపంచానికి తేడా వచ్చింది.

"అంత పెద్ద ఇంజనుకు పెద్ద పంపే కావాలె" అన్నాడు దుకాణదారు, ఎంపీఎఫ్ఐ కారు పంపు చేతిలో పెట్టి. దాని ఒత్తిడి నలభై పీఎస్ఐ పైమాటే. కార్బరేటర్‌కు కావలసింది మూడు, నాలుగు. ఫ్లోట్ గిన్నె నిండగానే చిన్న నీడిల్ వాల్వు దారి మూయాలి. వెనకనుంచి అంత జోరు వస్తే అది మూయలేదు. పెట్రోలు పొంగి వేడి ఇంజను మీద పడుతుంది. నాచారం షెడ్డులో ఉస్తాద్ ఆ పంపును చూసి ఒకటే మాటన్నాడు: "ఉగ్గుగిన్నెతోని తాగే పోరని నోట్ల ఫైరింజను పైపు పెడ్తరా సార్?"

ఇక సారు లెక్క వేశారు. గంటకు అరవై కిలోమీటర్ల వేగం, లీటరుకు నాలుగు. అంటే గంటకు పదిహేను లీటర్లు. బరువుతో ఎత్తెక్కేటప్పుడు దానికి రెట్టింపు, ముప్పై. గంటకు అరవై లీటర్లిచ్చే చిన్న పంపయినా ఇంకా సగం మిగులే. కాగితం పట్టుకుని మళ్లీ రాణిగంజ్ వెళ్లి, "అన్నిటికంటే బలహీనమైన పంపు చూపించండి" అన్నారు. దుకాణాల్లో ఈ మాట వినడం అరుదు. పాత కార్బరేటర్ బండ్లకు వాడే, అరచేతిలో పట్టే, టిక్కు టిక్కుమనే పంపు ఏదో అట్టపెట్టెల అడుగునుంచి దొరికింది. దాని మీద 12 వోల్టులని రాసుంది. బండిలో రెండు బ్యాటరీలు వరసగా కలిపి ఉన్నాయి, మీటరు పెడితే 24 పైచిలుకు. ఒక్క బ్యాటరీ నుంచి తీగ లాగితే సరిపోతుంది కదా అని సలహా ఇచ్చినవాళ్లకు కొదవ లేదు. అలా చేస్తే ఒక బ్యాటరీ ఎండిపోతుంది, రెండోది అతిగా చార్జయి ఉడుకుతుంది. వోల్టేజి దించే కన్వర్టరు కొన్నారు.

బిగింపు రోజున చూడవలసింది ఉస్తాద్ సుత్తి. పాత పంపు ఊడదీశాక ఇంజను పక్కన ఓ కంత మిగిలింది. మూయకపోతే ఆయిలంతా బయటికే. పక్క వర్క్‌షాపులో ఇనుప రేకు కోయించాడు. దాని కింద వేయడానికి గాస్కెట్ షీటును ఆ కంత మీద పరిచి, అంచు వెంబడి చిన్న సుత్తితో టకటకా కొట్టుకుంటూ పోయాడు. కొలత లేదు, గీత లేదు. ఇనుప అంచే కత్తిరించినట్టు కాగితం తెగి, బోల్టు రంధ్రాలతో సహా చేతిలోకి వచ్చింది. జీవితమంతా వృత్తలేఖినితో గడిపిన సారు ఆ కాగితాన్ని తిప్పితిప్పి చూశారు.

పంపును ట్యాంకు అడుగుకంటే కిందగా, సైలెన్సర్‌కు దూరంగా, రబ్బరు బుష్‌ల మీద కూర్చోబెట్టారు. దానికి ముందు ఫిల్టరు, ఎందుకంటే పాత ట్యాంకులో పెట్రోలుతో పాటు జబల్‌పూర్ తుప్పు కూడా ఉంటుంది. ఇప్పటి పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్. పాతకాలపు రబ్బరును అది తినేస్తుంది కాబట్టి పైపులన్నీ జే30 ఆర్9 రకానివి. ఇంకొక జాగ్రత్త ఉంది, దీన్ని చాలామంది ఎగ్గొడతారు. పాత పంపు ఇంజనుతో పాటే ఆగేది. కరెంటు పంపుకు ఆ ఇంగితం లేదు, యాక్సిడెంటై బండి బోల్తాపడ్డా తాళంచెవి తిరిగి ఉన్నంతసేపూ తోస్తూనే ఉంటుంది. అందుకని ఆయిల్ ప్రెషర్ స్విచ్చి మీదుగా రిలే పెట్టారు: ఇంజను ఆగి ఆయిల్ ఒత్తిడి పడిపోతే పంపు బందు. స్టార్ట్ చేసేటప్పుడు నొక్కడానికి విడిగా ఒక బటను.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, కావాలనే, సారు ఉప్పల్ నుంచి రామంతాపూర్ మీదుగా అంబర్‌పేట్‌కు బయల్దేరారు. బండి దగ్గలేదు. సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం వెనకనుంచి శబ్దం స్పష్టంగా వినబడుతోంది. ట్రాఫిక్ కానిస్టేబుల్ చెవి రిక్కించి దగ్గరికొచ్చాడు.

"సార్, మిలిట్రీ బండిలెక్కుంది. ఎన్క టిక్కు టిక్కుమంటున్నది. ఏందది?"

సారు కిందికి దిగి, నలభై పీఎస్ఐకీ నాలుగు పీఎస్ఐకీ ఉన్న తేడా మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టారు. క్యామ్ షాఫ్ట్ దాకా వచ్చేసరికి పచ్చలైటు పడింది, వెనక ఆర్టీసీ బస్సు హారన్ ఆపడం లేదు. "పోండి సార్ పోండి, బాంబైనా మంచిదే" అన్నాడు కానిస్టేబుల్.